గోడ మలుపు కాడ కిర్రు చప్పుడు

ముడిమ్యాల తొవ్వల గోడ మలుపు పేరెత్తితే మా దిక్కు పిల్లలు ఏడుపు ఆపుతరు. పిల్లల ముచ్చట ఎందుకు... ట్రాక్టర్ తోలే మొగోళ్ళు సుత చీకట్ల ఆ మలుపు కాడికి రాంగనే పాటల సౌండ్ పెంచుతరు. ఎందుకురా అంటే, "నిద్ర రాకుండ, ధనమ్మక్కా" అంటరు. నాకు చెప్తరా! ఒక్క చాయ్ తాగేటోళ్ళు ఆ మలుపు దాటొచ్చి మూడు తాగుతుంటే నాకు తెల్వదా?

నాది చేవెళ్ళ రోడ్డు మీద చాయ్ హోటల్. ముడిమ్యాల తొవ్వ వచ్చి కలిసేది నా హోటల్ ముంగట్నే. ఆ తొవ్వల భయపడి ఉరికొచ్చినోళ్ళు ఎవరైనా మొదలు కూలబడేది నా బల్ల మీదనే. అందుకే ఈ ముచ్చట నా కంటె మంచిగ చెప్పేటోళ్ళు లేరు. నడుమల అడ్డం రాకుండ ఇనుండ్రి.

ఆ మలుపు కాడ సిటీ ఆయన ఎవరో భూమి కొని చుట్టూత ఇంతెత్తు గోడ కట్టిండు. లోపల ఏమున్నదంటే ఏం లేదు, పిచ్చిచెట్లు. గేటు తీసింది ఎవరూ చూడలే. గోడ ఎంబడే రోడ్డు గుండ్రంగ తిరుగుతది. అటు దిక్కు ఉన్నది ఇటు కనపడదు, ఇటుది అటు కనపడదు.

అక్కడ, ఇంకా తెల్లారకముందు, ఎవరన్న ఉరికితే... ఎనక నుంచి ఏదో వస్తది.

కిర్రు... కిర్రు... కిర్రు...

మనం మెల్లగ పోతే అది మెల్లగ. జోరుగ పోతే అదీ జోరుగ. ఆగితే ఆగుతది. పిలిస్తే పలకదు. ఎనకకు తిరిగి చూస్తే మొఖం ఉండదట — నల్లటి ఆకారం, దాని చుట్టూత ఎర్రటి పొగ.

బాల్‌రాజ్ పటేల్ కొడుకు సందీప్ ఉన్నడు గద, పొట్ట తగ్గిస్త అని కొత్త బూట్లు కొనుక్కొని ఆ తొవ్వల ఉరికిండు. వచ్చేటప్పుడు ఒక్క కాలుకే బూటు ఉన్నది. జ్వరం ఎక్కి వారం మంచం దిగలే. వాళ్ళమ్మ నిమ్మకాయలు దిగదీసి రోడ్డు మీద పారేసింది, అవి తెచ్చి నా హోటల్ ముంగట్నే పారేసింది, ఏమనాలె ఆమెను!

"జెన్నీనే అది. ఇంకెవరు?" అన్నరు అందరు.

ఆ మాట అన్నోని ముంగటి గిలాస నేను గుంజుకునేదాన్ని. జెన్నీని నేను ఎత్తుకొని తిరిగిన. మా చర్చిల క్రిస్మస్ నాటకంల ప్రతి ఏడు దేవదూత ఆ పిల్లనే, రెక్కలు కట్టుకొని కూడ ఒక్క తాన నిలబడేది కాదు. పెద్దగైనంక పోలీసు కావాల్నని పట్టు పట్టింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఉరుకుడు పందెం పెడుతరు గద, దానికి పొద్దుగాల చీకట్లనే ముడిమ్యాల తొవ్వల ప్రాక్టీసు. వాళ్ళ నాయన జయరాజ్ డీసీఎం వ్యాన్ డ్రైవర్. టమాటలు, క్యారెట్ ఎత్తుకొని సిటీ మార్కెట్లకు తోలేటోడు. ఇరవై ఏండ్లు తోలినా బండికి ఒక్క గీత పడనియ్యలే, అంత రూల్ మనిషి.

బిడ్డకు సుత రూలే చెప్పిండు. "ఎడమ పక్కనే ఉరుకు బిడ్డా. రోడ్డు మీద మన పక్క ఎడమ పక్క. అది తప్పొద్దు."

ఆ పిల్ల తప్పలే. గోడ మలుపు కాడ ఎడమ అంచుకే ఉరుకుతున్నది. ఎనక నుంచి కంకర టిప్పర్ వచ్చింది.

సమాధుల తోటల మన్ను పోస్తుంటే ఎవడో తెలివైనోడు నోరు తెరిచిండు. "కుడి పక్కన, బండ్లకు ఎదురుంగ ఉరకాలె గద. ఎదురుంగ వస్తే కనపడేది, పక్కకు దుంకేది" అని. వాని నోట్ల మన్ను వడ! అది చెప్పే టైమా? జయరాజ్ ఇన్నడు. ఇని, నా దిక్కు తిరిగి ఒక్కటే మాట అనిండు.

"ఎడమ పక్క అని నేనే చెప్పిన, అక్కా."

అప్పటి సంది స్టీరింగ్ ముట్టలే. షాబాద్ దిక్కు ఒక కోళ్ళ షెడ్డుల కూలికి పోతుండు. నా హోటల్ల చాయ్ తాగుడు బంద్. నన్ను చూస్తే తల వంచుకొని పోతుండు. పొద్దుగాల చీకట్లనే సైకిల్ తీసుకొని ఎటో పోతడు. "చర్చికి పోయి మోకాళ్ళ మీద ఉంటడు వదినా, ఉండనీ" అనేది వాళ్ళింటామె ఎస్తేర్. సరే, ఉండనీ అనుకున్న.

ఇగ అసలు ముచ్చట.

మొన్న చలికాలం పెండ్లిళ్ళప్పుడు వైజాగ్ నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు ప్రగతి. బ్యాంకుల నౌకరి. దోస్తు పెండ్లి మొయినాబాద్ ఫంక్షన్ హాల్ల, వీళ్ళకు ఉండనీకె ముడిమ్యాల తొవ్వలనే ఒక ఫామ్‌హౌస్ ఇచ్చిండ్రు. పొద్దుమూకినంక ఫామ్‌హౌస్ వాచ్‌మన్ మల్లేశ్‌ను ఎంబడేసుకొని చాయ్‌కి వచ్చింది.

"అమ్మా, ఈ రోడ్డు ఎక్కడి దాకా వెళ్తుందండీ? పొద్దున్నే పరిగెత్తుదామని."

"పరిగెత్తుడు ఎందుకు బిడ్డా? ఎవరన్న తరుముతున్నరా?"

నవ్వింది. మంచిగ నవ్వింది, పాపం. "ఏ ఊరెళ్ళినా నాకదే అలవాటండీ. కారులో తిరిగితే ఊరు కిటికీలోంచి వెళ్ళిపోతుంది. పరిగెత్తితేనే తెలుస్తుంది. నిన్న చార్మినార్, మొన్న ట్యాంక్‌బండ్. తెల్లారకముందు ఇరానీ హోటల్ వాళ్ళు పొయ్యి ముట్టించడం కూడా చూశాను. ఇంక సిటీ ఈ చివర చూడాలి."

"ఇది సిటీ అని నీకెవరు చెప్పిండ్రు?"

"ప్లాట్లమ్మే బోర్డుల మీద ఉందిగా!"

నేనూ నవ్విన. మల్లేశ్ నవ్వలే. వాడు గిలాస కింద పెట్టి, గుసగుసగ చెప్పిండు — గోడ మలుపు, ఎనక వచ్చే కిర్రు చప్పుడు, సందీప్ బూటు, అన్నీ. ఆఖరికి, "పోకు మేడం. పోతే గిట్ల... ఎనకకు మాత్రం చూడకు" అనిండు.

ఆ పిల్ల గిలాసల చాయ్ అటు ఇటు తిప్పుకుంట నా దిక్కు చూసింది. "ఎవరైనా చనిపోయారా అక్కడ?" అని నన్ను అడిగింది. చెప్పిన. జెన్నీ ముచ్చట, ఎడమ పక్క ముచ్చట, అంత చెప్పిన.  ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు వచ్చినయి గని, పోను అని మాత్రం అనలే. పెంకిది.

పొద్దుగాల మంచు పడుతున్నది. ఇంకా కోడి సుత కూయలే. ప్రగతి ఫామ్‌హౌస్ గేటు తీసుకొని బయటపడ్డది. ఇక్కడి నుంచి నేను చెప్పేది అంత ఆ పిల్ల నా బల్ల మీద కూసోని చెప్పిందే. ఒక్క ముక్క కలపలే.

ఆమె ఎప్పుడూ కుడి పక్కనే ఉరుకుతదట. గని మా తొవ్వ సంగతి తెలుసు గద, రోడ్డు ఎడల్పు చేస్తమని కుడి పక్కంత తవ్వి కంకర కుప్పలు పోసి పెట్టిండ్రు. కాలు మడత పడుతదని ఎడమ పక్కకు వచ్చింది. మంచుల ఫోన్ లైటు నాలుగు అడుగులు దాటి పోతలేదు, ఆర్పి జేబుల పెట్టుకున్నది. సిటీ దిక్కు ఆకాశం జర ఎర్రగున్నది, ఆ వెలుతురే వెలుతురు.

కొంచెం దూరం పోయింది. సల్లగాలి, చామంతి తోటల వాసన. భయం లేదు. మల్లేశ్‌ను తలుచుకొని నవ్వుకున్నది సుత.

అప్పుడు...

కిర్రు.

ఏదో పిట్ట అనుకున్నది.

కిర్రు... కిర్రు...

ఎనకనే. దగ్గర్నే కాదు, దూరం కాదు. మెల్లగ ఉరికింది — చప్పుడు మెల్లగైంది. జోరు పెంచింది — అదీ పెంచింది. ఆఖరికి ఆగింది.

చప్పుడూ ఆగింది.

"ఎవరండీ?" అన్నది.

పలుకు లేదు. మంచుల ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు మాత్రం ఇనపడ్డది. మనిషి ఊపిరే.

మల్లేశ్ చూడకు అన్నడు గద. చూసింది. చూడకు అంటే చూడకుంట ఎవరుంటరు! మంచుల నల్లటి ఆకారం, ఎత్తుగ. మొఖం లేదు. దాని ఎనక నుంచి ఎర్రటి వెలుతురు పొగలెక్క చుట్టూత కమ్ముకున్నది.

ఇగ ఉరికింది చూడు... పందెంల ఎన్నడు అట్ల ఉరకలే అన్నది.  ఫామ్‌హౌస్ దిక్కు పోదామంటే ఆ దిక్కే అది ఉన్నది. ముంగటికే పోవాలె. ముంగట గోడ మలుపు.

అప్పుడు కనపడ్డది — ముంగట ఇంకో పిల్ల.

ఆమె లెక్కనే ఉరుకుతున్నది. పసుపు టీషర్టు, రెండు జడలు పైకి మడిచి కట్టుకున్నది, ఎడమ చేతి మణికట్టుకు గీతల రుమాలు. హమ్మయ్య, తోడు దొరికింది అనుకున్నది ప్రగతి. పానం లేచి వచ్చింది. "హలో... ఆగండీ... ఒక్క నిమిషం!" అన్నది. ఆ పిల్ల ఆగలే. తల సగం తిప్పి నవ్వి, రా రా అన్నట్టు చెయ్యి ఊపింది. అంతే. వీళ్ళిద్దరి నడుమ దూరం పెరగలేదు, తరగలేదు.

గోడ వచ్చింది. తెల్లటి గోడ మంచుల మంచు లెక్కనే ఉన్నది, ఎక్కడ మొదలైందో తెలుస్తలేదు. మలుపు మొదలైంది.

అప్పుడే ఎనక చప్పుడు ఆగిపోయింది.

ఇంతసేపు ఆ కిర్రు కిర్రు ఇంటే భయం, ఇప్పుడు ఇనపడకపోతే ఇంకా భయం. ఎటు పోయింది? గోడ ఎక్కిందా? పక్కకు వచ్చిందా? 

ముంగటి పిల్ల ఉన్నట్టుండి కుడి పక్కకు మళ్ళింది. రోడ్డు దాటి కంకర కుప్పల నడుమకు పోయింది. పోయి, ఎనకకు తిరిగి చెయ్యి ఊపింది. ఇప్పుడు నవ్వుతలేదు. రెండు చేతులు ఊపుతున్నది. రా... రా... ఇటు రా...

ప్రగతి ఏం ఆలోచించలే. దాటింది. ఒక కాలు కంకరల పడి జారింది, మోకాలు కొట్టుకున్నది, చేతులు కుప్ప మీద పడ్డయి...

దబ్బున రోడ్డంత వెలుతురైంది. హారన్ లేదు, ఏం లేదు. టిప్పర్. మలుపుల ఎడమ అంచుకు రాసుకుంట, గోడకు రాసుకుంట, ఆమె ఇప్పటిదాక ఉరికిన తావుల నుంచే దూసుకొని పోయింది. గాలికి ఆమె జుట్టు లేచి మొఖం మీద పడ్డది. దుమ్ము, డీజిల్ వాసన. మళ్ళ చీకటి.

అరవలే, ఏడవలే. కంకర మీద అట్లనే కూసున్నది. నేనే అక్కడ ఉంటే నా పానం అక్కడికక్కడే పోయేది.

"అక్కా... మీరెక్కడ?" అన్నది ఆ పిల్లతోని. ముంగట ఎవరూ లేరు. కంకర కుప్పలు, మంచు.

ఎనక నుంచి ఏదో ధన్నుమని కిందపడ్డ చప్పుడు. మనిషి ఉరికొస్తున్న చప్పుడు, చెప్పులు లేని కాళ్ళు రోడ్డు మీద టపటప. ఆ ఎర్రటి వెలుతురు ఊగుకుంట, ఊగుకుంట, మీదికి వస్తున్నది. వచ్చి, ఎడమ అంచు కాడ మోకాళ్ళ మీద పడ్డది. నేలంత చేతులతోని తడుముతున్నది.

"జెన్నీ! ఓ జెన్నీ! బిడ్డా!"

జయరాజ్.

ఎవరనుకున్నరు మీరు! దయ్యం కాదు, భూతం కాదు, మా జయరాజే. చర్చికి పోలే, ఎటూ పోలే. రోజూ ఆ తొవ్వల ఎవరు ఉరికినా, ఎవరు నడిచినా వాళ్ళెనక సైకిల్ మీద పోతుండు. డీసీఎం ఎనక లైటు ఊడబీకి, బ్యాటరీకి తగిలించి, వీపుకు కట్టుకుండు. ఎనక నుంచి వచ్చే బండికి మొదలు తను కనపడాలె, గుద్దితే తననే గుద్దాలె అని. ఆ చప్పుడు గొలుసుది. నూనె వేసి ఎన్నేండ్లయిందో ఆ సైకిల్‌కు! ఆ రోజు సరిగ్గ మలుపు కాడ ఆ గొలుసు ఊడింది. చీకట్ల ఎక్కిస్తుంటే టిప్పర్ ఆయనను దాటిపోయింది.

తెల్లారుతుంటే ఇద్దరు నా హోటల్ కాడికి వచ్చిండ్రు. ముంగట కుంటుకుంట ఆ పిల్ల, ఎనక సైకిల్ నెట్టుకుంట జయరాజ్, చేతులకు గ్రీసు. నేను పాలు పొయ్యి మీద పెట్టుడు మర్చిపోయి చూసిన.

"పిలిస్తే ఎందుకు పలకవయ్యా? ఊరంత హడలి చస్తున్నది నీ ఎంబడి!" అని కోపం చేసిన.

"చీకట్ల మొగోని గొంతు ఇంటే ఆడపిల్లలు భయపడుతరు గద, అక్కా." కింద చూసుకుంట అన్నడు.

"ముంగట లైటు పెట్టుకోరాదా మరి?"

"జెన్నీ వద్దన్నది. ఒకసారి అది ఉరుకుతుంటే ఎనక బండి మీద పోయిన. 'బాపూ, నీ లైటు ఎనక నుంచి కొడితే నా నీడ నాకే అడ్డం వస్తున్నది' అన్నది. అందుకని..."

 చాయ్ పెట్టి ఇద్దరి ముంగట పెట్టిన. ప్రగతి మోకాలుకు నీళ్ళు పోసి కడిగిన. ఆ పిల్ల జయరాజ్ దిక్కే చూస్తున్నది.

"అంకుల్, మీరు నా వెనకే ఉన్నారు కదా. నా ముందు పరిగెత్తిన అమ్మాయి ఎవరండీ? ఆ అమ్మాయి పిలవకపోతే నేను... ఆవిడకి థాంక్స్ చెప్పాలి."

జయరాజ్ తల ఎత్తిండు. "మీ ముంగట ఎవరూ లేరు, బిడ్డా. నేను ఫామ్‌హౌస్ గేటు కాడి నుంచి మీ ఎనకనే ఉన్న."

"ఉందండీ. పసుపు టీషర్టు. రెండు జడలు పైకి కట్టుకుంది. చేతికి గీతల రుమాలు."

నా చేతుల చెంబు కిందపడ్డది. ఆ రుమాలు జయరాజ్‌దే. డ్రైవర్లు మెడల వేసుకుంటరు గద, అది సగం చింపి బిడ్డ చేతికి కట్టిండు చెమట తుడుచుకోనీకె. జెన్నీని ఆ రుమాలుతోనే పెట్టెల పెట్టినం. నా ముంగట్నే పెట్టిండ్రు. వైజాగ్ పిల్లకు రుమాలు ముచ్చట నేను చెప్పలే, మల్లేశ్‌కు తెల్వనే తెల్వదు.

 జయరాజ్ గిలాస పట్టుకున్నడు గని తాగుతలేడు. ఆఖరికి అడిగిండు. గొంతు ఇనపడీ ఇనపడనట్టున్నది.

"ఏ పక్కన ఉరికింది?"

"ముందు ఎడమ పక్కే అండీ. మలుపు దగ్గర మాత్రం కుడి పక్కకి వెళ్ళిపోయింది. నన్నూ రమ్మని రెండు చేతులూ ఊపింది."

"కుడి పక్కకు..."

"అవునండీ. కుడి పక్కకే."

జయరాజ్ లేచి నిలబడ్డడు. నా దిక్కు తిరిగిండు. ఆ మొఖం ఎట్ల చెప్పాలె మీకు... ఏడుస్తున్నడు, ఏడుపులనే నవ్వుతున్నడు. సమాధుల తోటల నుంచి మోసుకొని తిరుగుతున్న మొఖం కాదు అది.

"నా మాట ఇనలే, అక్కా! నా బిడ్డ ఈసారి నా మాట ఇనలే!"

ఇగ నేనూ ఏడ్చిన. సాఫ్ సీదా చెప్తున్న, ముగ్గురం ఏడ్చినం. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, ఎవరూ లేవలే.

ప్రగతి ఆ రోజే వైజాగ్ పోయింది. మర్నాటి నుంచి జయరాజ్ ఒక్కడే ఆ మలుపు కాడికి పోయి నిలబడ్డడు. సైకిల్ మీద పోయిండు, నడిచి పోయిండు, ఒకసారి ఆ వయసుల ఉరికి సుత పోయిండు. ఆ పిల్ల రాలే. తనకు కనపడదని ఆయనకు తెలిసిపోయింది. ఉరికేటోళ్ళు ఎవరన్న నడుమ ఉండాలె. వాళ్ళకు ఎనక ఈయన, ముంగట ఆమె.

సైకిల్ గొలుసుకు నూనె వేయనియ్యమని నేనే డబ్బా తీసుకొని పోయిన. వద్దన్నడు. "ఈ చప్పుడు నా బిడ్డకు గుర్తుంటది, అక్కా" అన్నడు.

గోడ మలుపుల దయ్యం ఉన్నదా అని అడిగిండ్రు గద మీరు. బూట్లు చూస్తే ఉరకనీకె వచ్చినట్టే ఉన్నరు. పోండ్రి, నేను ఆపను. ఎనక కిర్రుమంటే ఫికర్ చేయకుండ్రి. ముంగట ఒక పిల్ల కనపడి చెయ్యి ఊపితే, ఏం అడగకుండ కుడి పక్కకు జరుగుండ్రి. గని తిరిగొచ్చేటప్పుడు ఎనక సైకిల్ మీద ఉన్నాయనకు ఒక్క మాట చెప్పి రాండ్రి... ఆ పిల్ల ఎట్లున్నదో, ఏ పక్కన ఉరికిందో. ఆయన నోరు తెరిచి అడగడు. ఆ ఒక్క మాట కోసమే అక్కడ ఉంటడు.